ఇంగ్లీషు పాఠంలో నాటకం: కథ చెప్పడం మాన్పించి విశ్లేషణ రాయించడం ఎలా?

టీచర్ గారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. తిరుపతిలో ఒక సీబీఎస్‌ఈ పాఠశాలలో పదో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నారు. ఫస్ట్ ఫ్లైట్ పుస్తకం చివర ఉన్న చెహోవ్ నాటకం ‘ద ప్రపోజల్’ మీ వంతుకు వచ్చింది. సాయంత్రాలు ఐసీఎస్‌ఈ చదివే ఇద్దరు ముగ్గురు పిల్లలకు షేక్స్‌పియర్ ‘జూలియస్ సీజర్’ కూడా చెబుతున్నారు. నాటకం మీద ఏ ప్రశ్న ఇచ్చినా పిల్లలు కథ మొత్తం మొదటి నుంచి చివరి దాకా రాసేస్తున్నారు. ‘విశ్లేషించండి’ అని ఎన్నిసార్లు చెప్పినా అదే కథ ఇంకాస్త పొడవుగా వస్తోంది. తరగతిలో యాభై మంది, పీరియడు నలభై నిమిషాలు, సగం మందికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఏం చేయాలి అని అడిగారు.

చిత్తూరు జిల్లా ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పి, తర్వాత ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో ఎక్కువగా నాటకం మీదే పనిచేశాను. నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా ఒక మాట. పిల్లలు కథ రాస్తున్నారంటే అది వాళ్ళ లోపం కాదు. మనం నాటకాన్ని కథలాగే చెబుతున్నాం. ఒక పేజీ చదివి, అర్థం చెప్పి, ‘ఆ తర్వాత ఏం జరిగిందంటే’ అంటూ ముందుకు పోతాం. వాళ్ళు పరీక్షలో మన పాఠాన్నే మనకు అప్పజెబుతారు. కథలో ‘అతనికి భయం వేసింది’ అని చెప్పడానికి రచయిత గొంతు ఉంటుంది. నాటకంలో ఆ గొంతు ఉండదు. మనుషులు వస్తారు, మాట్లాడుకుంటారు, వెళ్ళిపోతారు. అతనికి భయం వేసిందని ఎదురుగా కూర్చున్నవాళ్ళు తమంతట తామే గ్రహించాలి. ఆ గ్రహింపు మనకు ఎలా కలిగింది, నాటకకర్త దాన్ని ఏ ఉపాయంతో కలిగించాడు అని చెప్పడమే విశ్లేషణ. ఇది పిల్లలకు ఎక్కితే మిగతాది సాధనే.

నా పద్ధతిలో మూడు ప్రశ్నలుంటాయి. ఏ మాట దగ్గర ఆగినా ఇవే అడగాలి. ఈ మాట ఎవరి చెవిన పడుతోంది? మాట్లాడేవాడికి వాళ్ళ నుంచి ఏం కావాలి? మాట పూర్తయ్యేసరికి ఏం మారింది? రెండో ప్రశ్న అసలు నటులది. మాస్కో ఆర్ట్ థియేటర్‌ను 1898లో స్థాపించిన ఇద్దరిలో ఒకరైన స్తానిస్లావ్‌స్కీ నటులకు నేర్పిన పద్ధతిలో కీలకం అదే. పాత్రకు ప్రతి సన్నివేశంలోనూ ఏదో ఒకటి కావాలి, అది ఏమిటో నటుడికి తెలిసి ఉండాలి. మూడో ప్రశ్న పిల్లవాడిని ‘ఏం జరిగింది’ నుంచి ‘ఎలా జరిగింది’ వైపు తిప్పుతుంది. అయితే మొదటి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం అంటాను. మన తరగతుల్లో ఎవరూ దాన్ని అడగరు కాబట్టి.

మీ పాఠంతోనే చూద్దాం. ‘ద ప్రపోజల్’ మొదట్లో లోమోవ్ పొరుగు భూస్వామి చుబుకోవ్ ఇంటికి వస్తాడు. సాయంత్రపు విందుకు వేసుకునే దుస్తులు, తెల్లని చేతి తొడుగులు. ఇది బ్రాకెట్లలో ఇచ్చిన రంగసూచన. పిల్లలు దాన్ని దాటేసి మాటల దగ్గరికి పోతారు. పోనివ్వకండి. పొరుగింటికి ఇంత ముస్తాబు ఎందుకని చుబుకోవ్ కూడా అడుగుతాడు. లోమోవ్ తడబడుతూ ‘మీ సహాయం కావాలి’ అని మొదలుపెట్టగానే, చుబుకోవ్ పక్కకు తిరిగి, డబ్బు అప్పు అడగడానికి వచ్చాడు, ఇవ్వను గాక ఇవ్వను అని తనలో అనుకుంటాడు. ఆ మాట లోమోవ్ చెవిన పడదు. మన చెవిన పడుతుంది.

ఇక్కడ పుస్తకం మూయించి అడగండి: ఈ తనలోని మాట తీసేస్తే మనకు ఏం పోతుంది? కథలో ఏమీ పోదు. లోమోవ్ వచ్చాడు, పెళ్ళి విషయం చెప్పాడు, చుబుకోవ్ సంతోషించాడు. కథ రాసే పిల్లవాడికి ఆ మాట అక్కరలేదు. విశ్లేషించే పిల్లవాడికి మాత్రం సగం సరుకు అందులోనే ఉంది. ఇంతకుముందు క్షణంలో నోటితో ఆప్యాయత ఒలకబోసిన మనిషి మనసులో లెక్క వేరుగా ఉందని అది చెబుతోంది. ఈ ఇళ్ళ మధ్య మర్యాద పైపూత అని, దాని కింద ఆస్తి, డబ్బు ఉన్నాయని నాటకం మొదటి నిమిషంలోనే మనకు అందించాడు చెహోవ్. తర్వాత వచ్చే పొలం గొడవకు విత్తనం అక్కడే పడింది.

తర్వాత చుబుకోవ్ కూతురు నటాల్యా వస్తుంది. ఆమె ఏం వేసుకుని ఉంది? ఏప్రన్ కట్టుకుని, ఇంట్లో కట్టే మామూలు దుస్తుల్లో ఉంది. బఠాణీలు ఒలుస్తున్నాం, ఇలా ఉన్నందుకు ఏమీ అనుకోకండి అంటుంది. అతను తెల్లని తొడుగుల్లో, ఆమె బఠాణీల పనిలో. రంగస్థలం మీద ఆ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఒక్క నిమిషం తరగతిని చూడనివ్వండి. ఒక అబ్బాయికి తెల్ల చేతిరుమాళ్ళు చుట్టి, ఒక అమ్మాయి చేతికి పళ్ళెం ఇస్తే చాలు. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు కానీ ఒకే సందర్భంలో లేరని మీరు చెప్పనక్కరలేదు, పిల్లలే చెబుతారు. వాళ్ళ నోటి నుంచి వచ్చిన ఆ వాక్యాన్నే బోర్డు మీద ఇంగ్లీషులో రాయించండి. అది వాళ్ళు రాసిన మొదటి విశ్లేషణ వాక్యం అవుతుంది.

నటాల్యాకు అతను ఎందుకొచ్చాడో తెలియదు. సరుకు కోసం వర్తకుడు వచ్చాడని చెప్పి తండ్రి ఆమెను లోపలికి పంపాడు. మనకు మాత్రం తెలుసు. దీన్నే డ్రమటిక్ ఐరనీ అంటారని నిర్వచనం రాయించి బట్టీ పట్టించే బదులు, తిరుపతి పిల్లలను తాతయ్యగుంట గంగమ్మ జాతర గురించి అడగండి. మే నెలలో కైకాల వంశస్థులు కట్టే వేషాలు ఊరంతా చూస్తుంది. ఆడవాళ్ళను వేధించిన పాలెగాడు దాక్కున్నాడు. అతన్ని పట్టడానికి గంగమ్మ రోజుకొక వేషంలో తిరుగుతుంది. దొర వేషంలో వస్తే నిజమైన దొర అనుకుని పాలెగాడు బయటికి వస్తాడు, తల తెగుతుంది. వీధిలో నిలబడి చూస్తున్న చిన్న పిల్లవాడికి కూడా ఆ దొర ఎవరో తెలుసు. పాలెగాడికి తెలియదు. ఆ తేడాలోనే ఉత్కంఠ అంతా ఉంది. ఇది చెప్పించాక నటాల్యా దగ్గరికి రండి. అక్కడ అదే తేడా ఉత్కంఠకు బదులు నవ్వు పుట్టిస్తుంది. ఒకే ఉపాయం ఒకచోట భయానికి, ఇంకోచోట హాస్యానికి ఎలా పనికొచ్చిందని అడిగితే తొమ్మిదో తరగతి పిల్లలు కూడా మాట్లాడతారు. పెళ్ళి సంబంధం అడగడానికి వచ్చిన మనిషితో నటాల్యా ఆక్సెన్ మెడోస్ అనే పొలం కోసం పోట్లాడుతుంది. ఆమే చెబుతుంది, ఆ పొలం మొత్తం అయిదు దెస్యాతీనాలు (పాత రష్యన్ భూమి కొలత), మహా అయితే మూడు వందల రూబుళ్ళు చేస్తుంది, అయినా అన్యాయాన్ని సహించలేనని. అతన్ని వెళ్ళగొట్టాక, అతను వచ్చింది తనను పెళ్ళాడతానని అడగడానికని తండ్రి నోటి వెంట వస్తుంది. అంతే, కుర్చీలో కూలబడి అతన్ని వెనక్కి పిలవమని ఏడుస్తుంది. తిరిగి వచ్చాక ఆ పొలం మీదేనని ఆమే ఒప్పుకుంటుంది. మూడో ప్రశ్న ఇక్కడ వేయండి. ఏం మారింది? పొలం మారలేదు, దస్తావేజులు మారలేదు. ఆమెకు తెలిసిన సంగతి ఒక్కటి మారింది. ఇంతసేపూ న్యాయం కోసం అన్న పోట్లాట అసలు దేనికోసమో ఆ ఒక్క మలుపుతో బయటపడింది. ఈ పేరా రాయగలిగిన పిల్లవాడికి నాటకం అర్థమైనట్టే.

మన ప్రాంతపు పిల్లలకు నాటకం కొత్త కాదని మీకు గుర్తుచేయాలని ఉంది. ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు మాను ఎక్కి పద్యాలు పాడుతూ పైనుంచి పూలు, నిమ్మకాయలు విసురుతాడు. సంతానం కోరుకునే స్త్రీలు కింద వాటికోసం ఎదురుచూస్తారు. చివరి రోజు నేల మీద పడుకోబెట్టిన పెద్ద మట్టి దుర్యోధనుడి చుట్టూ వధ ఆడతారు. చిత్తూరు, పలమనేరు, పుత్తూరు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది ఇది చూసే ఉంటారు. చూసినవాళ్ళకు రంగస్థలం అంటే ఏమిటో, ప్రేక్షకుడు ఎక్కడ ఉంటాడో, వేషం ఏం చెబుతుందో శరీరానికి తెలుసు. ఇంగ్లీషు పీరియడ్‌లో ఆ తెలివిని బయటపెట్టించని పాఠం చాలా పోగొట్టుకుంటోంది.

భారతం నుంచి నేను ఎక్కువగా వాడుకునేది కొలువు ఘట్టం. ద్రౌపదిని సభకు ఈడ్చుకొస్తారు. ఆమె ప్రశ్న అడుగుతుంది. మాట్లాడేవాళ్ళను పక్కన పెట్టి, మాట్లాడనివాళ్ళ పేర్లు చెప్పమంటాను. ద్రోణుడు, కృపుడు, ధృతరాష్ట్రుడు, తలవంచుకున్న ధర్మరాజు. భీష్ముడు మాట్లాడినా సూటిగా జవాబు చెప్పలేకపోతాడు. వాళ్ళందరూ రంగం మీదే ఉన్నారు. చదివేటప్పుడు మౌనంగా ఉన్న పాత్ర కనిపించదు, పుస్తకంలో దానికి పంక్తి ఉండదు కాబట్టి. చూసేటప్పుడు మాత్రం ఆ మౌనమే మన మీద కూర్చుంటుంది. ఈ ఒక్క అభ్యాసం తర్వాత ఏ నాటకం తెరిచినా పిల్లలు ‘ఇప్పుడు ఇంకా ఎవరెవరు ఉన్నారు సార్’ అని అడగడం మొదలుపెడతారు. తెలుగు పాఠం నుంచి కూడా తెచ్చుకోవచ్చు. ‘కన్యాశుల్కం’లో గిరీశం వెంకటేశంతో ఒకలా, అగ్నిహోత్రావధాన్లతో ఒకలా, బుచ్చమ్మతో ఇంకోలా మాట్లాడతాడు. వినేవాళ్ళు మారితే మనిషే మారిపోతాడు. పాత్ర స్వభావం రాయమంటే గుణాల జాబితా రాసే పిల్లలకు దీన్ని మించిన మందు లేదు.

రాకపోకల పట్టిక వేయించడం దీనికి అనుబంధం. కాగితం మీద పైన పాత్రల పేర్లు, కింద సన్నివేశాలు. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్ళారు, మిగిలింది ఎవరు అని గీతలు గీయాలి. చూడడానికి చిన్నపిల్లల పని. ‘జూలియస్ సీజర్’ మూడో అంకం రెండో దృశ్యానికి గీయించి చూడండి, దాని విలువ తెలుస్తుంది.

సీజర్‌ను చంపాక బ్రూటస్ ప్రజల ముందుకు వచ్చి తన వాదన చెబుతాడు. ప్రజలు అతనికి జేకొడతారు. అతని మాటలు ముగుస్తుండగా సీజర్ స్నేహితుడు ఆంటోనీ సీజర్ శవంతో ప్రవేశిస్తాడు. బ్రూటస్ ఆంటోనీని మాట్లాడనిచ్చి, మీరందరూ ఉండి వినండి, నేనొక్కణ్ణే వెళతాను అని వెళ్ళిపోతాడు. కుట్రలో బ్రూటస్‌కు తోడైన కాషియస్ అంతకుముందే జనంలో కొందరిని వెంటబెట్టుకుని వేరే వీధికి పోయాడు. పట్టికలో ఇది గీసిన పిల్లవాడికి ఒక్కసారిగా కనిపిస్తుంది. ఆంటోనీ అన్ని మాటలూ మాట్లాడుతున్నప్పుడు, అతన్ని ఆపగలిగిన మనుషులు ఒక్కరూ రంగం మీద లేరు. గైడ్లలో ఆంటోనీ వాక్చాతుర్యం గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. ఖాళీగా ఉన్న ఆ చోటు గురించి ఎక్కువగా ఉండదు. బ్రూటస్ ఓడిపోయింది వాదనలో కన్నా ముందు, ఆ నిష్క్రమణలో. అంతకుముందు దృశ్యంలో కాషియస్ అతన్ని పక్కకు పిలిచి వద్దని హెచ్చరించాడు కూడా. నిష్క్రమణ అనే చిన్న సూచన ఇంత బరువు మోయగలదని చూపించడానికి పదో తరగతి స్థాయిలో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఈ దృశ్యాన్ని తరగతిలో ఇలా చేయించండి. ముందు వరుసల్లో నలుగురు పౌరులు. మిగతా తరగతి అంతా జనం. ఆంటోనీ పాత్రకు బాగా చదివే పిల్లవాడిని పెట్టండి. అతను బెంచీ మీద నిలబడాలి. బల్ల మీద ఒక దుప్పటి పరిచి అదే సీజర్ శరీరం అనండి. మొత్తం ప్రసంగం చదవనక్కరలేదు. నాలుగు చోట్ల ఆగండి. మొదటిది, నా మనసు ఆ శవపేటికలో సీజర్‌తో ఉంది, అది తిరిగి వచ్చేదాకా ఆగాలి అని ఆంటోనీ మౌనం వహించే చోటు. అప్పుడే పౌరులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, ఇతని మాటల్లో చాలా న్యాయం ఉందని. అతను ఆగడం దుఃఖమా, జనాన్ని మాట్లాడుకోనివ్వడానికా? పిల్లలను వాదించుకోనివ్వండి. రెండూ కావచ్చు. నాటకంలో రుజువు చూపించగలిగితే రెండు జవాబులకూ మార్కులు వేయాలి. రెండోది సీజర్ వీలునామా. ఉందని చెబుతాడు, చదవనంటాడు. జనం చదవమని అరిచేదాకా ఊరిస్తాడు. మూడోది, అతను వేదిక దిగి శవం దగ్గరికి రావడం. మీ ఆంటోనీని నిజంగానే బెంచీ దిగమనండి. జనం చుట్టూ చేరతారు. అంతసేపూ ఎత్తు మీద నుంచి మాట్లాడినవాడు ఇప్పుడు వాళ్ళలో ఒకడయ్యాడు. సీజర్ అంగీలోని చిరుగులు చూపిస్తాడు, తర్వాత శరీరాన్నే చూపిస్తాడు. నాలుగోది నాకు అన్నిటికన్నా ఇష్టం. కోపంతో ఊగిపోతూ జనం తగలబెట్టడానికి పరుగు తీయబోతుంటే, నేను చెప్పిన వీలునామా మరిచిపోయారే అని ఆపుతాడు. ఒక్కొక్క పౌరుడికి డెబ్బై అయిదు ద్రాక్మాలు. వీలునామా కోసం అరిచిన జనానికే అది గుర్తులేదు. ఆంటోనీకి గుర్తుంది. ఆ గుంపు ఎలాంటిదో, ఆ మనిషి ఎలాంటివాడో ఒకే క్షణంలో తెలిసిపోతుంది.

బ్రూటస్ మాట్లాడేది వచనం, ఆంటోనీ మాట్లాడేది ఛందోబద్ధమైన పంక్తులు. పంక్తికి సాధారణంగా పది అక్షరధ్వనులు, అయిదు ఊనికలు. మన పిల్లలు తెలుగు పీరియడ్‌లో గణవిభజన చేసి వచ్చినవాళ్ళు కాబట్టి బల్ల మీద దరువు వేసి చూపిస్తే వెంటనే పట్టుకుంటారు. అయితే ‘వచనం’, ‘పద్యం’ అని గుర్తించి ఆగిపోతే లాభం లేదు. పద్యనాటకంలో పద్యం ఎత్తుకోగానే జనం కదిలి సర్దుకుని కూర్చోవడం ఈ ప్రాంతంలో పెరిగినవాళ్ళకు తెలుసు. బ్రూటస్ వాక్యాలు తూచినట్టు సమంగా ఉంటాయి, బుద్ధికి చెబుతాయి. ఆంటోనీ లయ గుండెకు తగులుతుంది. ఎవరి చెవిన పడుతోంది అన్న మొదటి ప్రశ్న మళ్ళీ వేసుకుంటే, ఆ వీధి జనం ముందు ఏది నెగ్గుతుందో వేరే చెప్పాలా?

ఆనాటి రంగస్థలం గురించి ఒక పావుగంట చెప్పండి, ఎక్కువ వద్దు. షేక్స్‌పియర్ పుట్టిన ఊరు, పెళ్ళి, పిల్లలు పరీక్షలో పనికిరావు. ఈ నాటకం 1599లో లండన్‌లో ఆడిందని, ఆ నాటకశాలలు పైకప్పు పూర్తిగా లేనివని, ప్రదర్శన మధ్యాహ్నం పగటి వెలుతురులో జరిగేదని చెబితే చాలు. తర్వాత అడగండి: పట్టపగలు రాత్రిని ఎలా చూపిస్తారు? రెండో అంకంలో బ్రూటస్ నిద్రపట్టక తోటలో తిరుగుతూ తన గదిలో కొవ్వొత్తి వెలిగించమని కుర్రాడు లూసియస్‌కు చెబుతాడు. నాలుగో అంకంలో గుడారంలో సీజర్ ప్రేతం వచ్చే ముందు, ఈ కొవ్వొత్తి ఎంత మసకగా వెలుగుతోందో అంటాడు. ఎండలో కూర్చున్న ప్రేక్షకుడికి చీకటి ఆ మాటల్లోనే కనిపించాలి. ఇలా చూపిస్తే చారిత్రక నేపథ్యం విశ్లేషణలో భాగమవుతుంది. లేకపోతే మొదటి పేరాలో అతికించిన చీటీలా మిగిలిపోతుంది. స్త్రీ పాత్రలు మగపిల్లలే వేసేవారంటే మన పిల్లలు ఆశ్చర్యపోతారు. స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి, సారంగధర నాటకంలో చిత్రాంగి వేషం కట్టిన మన చిత్తూరు నాగయ్య గారి గురించి చెప్పండి, దూరం తగ్గుతుంది.

కొన్ని అలవాట్లు మానుకోమని గట్టిగా చెబుతాను. జర్మన్ రచయిత ఫ్రైటాగ్ 1863లో చెప్పిన పిరమిడ్, అంటే ఆరంభం, ఆరోహణ, పతాక స్థాయి, అవరోహణ, ముగింపు, దాన్ని ప్రతి నాటకానికీ గీయించకండి. అయిదంకాల విషాదానికి అది కొంత పనికొస్తుంది. ఒకే అంకం ఉన్న ‘ద ప్రపోజల్’ లాంటి ప్రహసనంలో గొడవ సద్దుమణిగినట్టే కనిపించి కుక్కల మీద మళ్ళీ రాజుకుంటుంది. గెస్ గొప్పదా, స్క్వీజర్ గొప్పదా అని పెళ్ళి కుదిరిన తర్వాత కూడా కొట్టుకుంటూనే ఉంటారు. ఆ మళ్ళీ మళ్ళీ రాజుకోవడమే ఆ నాటకం నడక. పిరమిడ్‌లో దాన్ని ఇరికిస్తే నాటకం నలిగిపోతుంది. సినిమా చూపించి పాఠం మొదలుపెట్టడం కూడా నాకు సమ్మతం కాదు. చదివి, ఆడి, తమ ఆంటోనీని తామే ఊహించుకున్న తర్వాత చూపించండి. అప్పుడు ఆ నటుడు వేరేలా ఎందుకు చేశాడన్న ప్రశ్న పుడుతుంది. ముందే చూస్తే ఆ నటుడి ముఖమే నాటకం అయిపోతుంది.

ఇక రాయడం. విశ్లేషణ పేరా మొదటి వాక్యంలో కర్త ఎవరో చూడండి. ‘లోమోవ్ చుబుకోవ్ ఇంటికి వచ్చాడు’ అని మొదలైతే ఆ పేరా కథలోకి జారిపోతుంది. ‘చెహోవ్ లోమోవ్‌ను విందు దుస్తుల్లో ప్రవేశపెడతాడు’ అని మొదలైతే, తర్వాతి వాక్యం ‘ఎందుకంటే’ అనక తప్పదు. నాటకకర్త పేరును కర్తగా పెట్టి రాయమనే ఈ ఒక్క నియమం పెట్టాక కథ చెప్పే పేరాలు చాలావరకు ఆగిపోవడం చూశాను. పక్కనే చిన్న ఉల్లేఖన ఉండాలి. నాలుగైదు మాటలకు మించనక్కరలేదు. ఆ తర్వాత చూసేవాళ్ళకు ఏం కలిగిందో రాయాలి. భావం తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: ‘చెహోవ్ లోమోవ్‌ను తెల్లని చేతి తొడుగులతో ప్రవేశపెట్టి, నటాల్యాను ఏప్రన్‌లో బఠాణీల గురించి మాట్లాడించాడు. ఒకరికి జీవితాన్ని తేల్చే రోజు, ఇంకొకరికి మామూలు పనిరోజు. ఈ తేడా ప్రేక్షకుడికి కనిపిస్తుంది, నటాల్యాకు కనిపించదు. అందుకే ఆమె పొలం గురించి మొండిగా వాదించే ప్రతి మాటా మనకు నవ్వు తెప్పిస్తూనే, ఈ సంబంధం చేజారిపోతుందేమో అనిపిస్తుంది.’ ఇందులో గొప్ప పారిభాషిక పదం ఒక్కటి లేదు. అయినా ఇది కథ కాదు. డ్రమటిక్ ఐరనీ అన్న మాట చేర్చితే బాగుంటుంది, చేర్చకపోయినా ఆలోచన నిలబడుతుంది. పదం మాత్రమే ఉండి ఆలోచన లేని పేరాకు నేను మార్కు వేయను.

క్రియల మీద కూడా పని చేయించండి. ‘అన్నాడు’, ‘చెప్పాడు’ అనే రెండు మాటలను విశ్లేషణలో నిషేధించండి. మాట అనేది ఎదుటివాడి మీద చేసే పని. ఊరించాడా, బెదిరించాడా, బతిమాలాడా, తప్పించుకున్నాడా, పొగిడాడా, రెచ్చగొట్టాడా? తరగతి గోడకు ఒక అట్ట అతికించి, ఈ క్రియల ఇంగ్లీషు మాటలను పిల్లల చేతే రాయించి రోజూ పెంచండి. ఇంగ్లీషు అంతంతమాత్రం అన్న పిల్లలకు ఇదే పెద్ద ఊతం. వాళ్ళు ముందు తెలుగులో వాదించుకోవచ్చు, వాదించుకోవాలి కూడా. ఆలోచన తెలుగులో కుదిరిన తర్వాత గోడ మీది క్రియ ఒకటి, నాటకకర్త పేరు ఒకటి, చిన్న ఉల్లేఖన ఒకటి తీసుకుని రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాయడం వాళ్ళకు అందే పనే. పాఠాన్ని ఇంగ్లీషులోనే నడపాలని పట్టుబట్టి ఆ పిల్లల నోరు మూయిస్తే, తరగతిలో అందరికన్నా పదునుగా గమనించే పిల్లలను మనం పోగొట్టుకుంటాం. భారతం రాత్రంతా మేలుకుని చూసేది వాళ్ళే.

యాభై మందితో నలభై నిమిషాలు అన్నారు కదా, పీరియడుకు ఒక పేజీ చాలు. పది నిమిషాలు నిలబడి చదవడం, పది నిమిషాలు ఆ మూడు ప్రశ్నల మీద గుంపుల్లో మాట, పది నిమిషాలు అందరి ముందు వాదన, చివరి పది నిమిషాలు ఒక్క పేరా రాత. మిగతా పేజీలు ఇంట్లో చదువుకుంటారు. నాటకం అంతా పంక్తి పంక్తికీ వివరించాలన్న తాపత్రయం వదిలేయండి. మూడు నాలుగు చోట్ల లోతుగా తవ్విన పిల్లవాడు మిగతా చోట్ల తానే తవ్వుకుంటాడు.

సాయంత్రం పిల్లలతో ‘సీజర్’ ఎక్కడ మొదలుపెట్టాలని కూడా అడిగారు. మూడో అంకం మూడో దృశ్యంతో మొదలుపెట్టండి. దాదాపు నలభై పంక్తులే, ఒక్క విడతలో ఆడేయవచ్చు, ముందు కథ తెలియనక్కరలేదు. సిన్నా అనే కవి వీధిలో నడుస్తుంటాడు. జనం అతన్ని చుట్టుముట్టి పేరు, ఎక్కడికి పోతున్నావు, ఎక్కడుంటావు, పెళ్ళయిందా లేదా అని నాలుగు ప్రశ్నలు అడుగుతారు. అతను మర్యాదగా, కాస్త చమత్కారంగా జవాబిస్తాడు. కుట్రదారుల్లోనూ ఒక సిన్నా ఉన్నాడు. నేను ఆ సిన్నాను కాను, కవి సిన్నాను అని మొత్తుకుంటాడు. అయితే చెత్త కవిత్వం రాసినందుకు చంపండి అంటారు, పేరు సిన్నా అయితే చాలు అంటారు. ఇద్దరు ముగ్గురు పిల్లలే కాబట్టి ఒకరు సిన్నా, మిగతావాళ్ళు, వాళ్ళతోపాటు మీరూ జనం. ఆడిన తర్వాత రెండు పనులు ఇవ్వండి. సిన్నా ప్రతి జవాబు పక్కన అతనికి ఆ జనం నుంచి ఏం కావాలో ఒక క్రియ రాయాలి. ప్రతి ప్రశ్న పక్కన జనానికి అతని నుంచి ఏం కావాలో ఇంకో క్రియ రాయాలి. ఆ రెండు వరుసలూ ఎక్కడ విడిపోయాయో గీత గీయమని, ఆ గీత దగ్గర ఒక పేరా రాయమని చెప్పండి. అది అయ్యాక వెనక్కి, ఆంటోనీ ప్రసంగానికి వెళ్ళండి. ఈ జనం ఇలా ఎప్పుడు మారారన్న ప్రశ్న వాళ్ళ దగ్గర అప్పటికే సిద్ధంగా ఉంటుంది.